విలువలు, వాస్తవాలు, భూమి: ఆదిలాబాద్ గోండుల అధ్యయనంలో పరిశోధకుని తటస్థత

ప్రవేశిక

రాళ్లను గాని నక్షత్రాలను గాని పరిశీలించే శాస్త్రజ్ఞునికి లేని చిక్కు ఒకటి సమాజాన్ని పరిశీలించే పరిశోధకునికి ఉంది. తాను పరిశీలించే విషయంలో తానూ ఒక భాగమే. అతనికి ఒక భాష, ఒక కులం లేదా వర్గం, ఒక పోషక సంస్థ, న్యాయాన్యాయాల గురించి కొన్ని నమ్మకాలు ఉంటాయి. వీటిని పక్కన పెట్టి సమాజాన్ని ఉన్నదున్నట్లు చూడడం సాధ్యమా అన్న ప్రశ్న సామాజికశాస్త్రం పుట్టిన నాటి నుంచి ఉన్నదే. సాధ్యమని ఒక పక్షం, అసాధ్యమని మరొక పక్షం వాదిస్తూ వచ్చాయి. ఈ వాదం చాలావరకు సిద్ధాంత స్థాయిలోనే సాగింది. ఒక నిర్దిష్ట పరిశోధనను ముందుంచుకుని, అందులో విలువలు ఎక్కడెక్కడ ప్రవేశించాయి, ఎక్కడ అవి జ్ఞానానికి తోడ్పడ్డాయి, ఎక్కడ దాన్ని కుంచింపజేశాయి అని పరిశీలించినప్పుడు ఈ ప్రశ్న రూపమే మారుతుంది.

అందుకు అనువైన ఉదాహరణ తెలుగు నేల మీదనే ఉంది. 1940లలో హైదరాబాదు సంస్థానంలోని ఆదిలాబాద్ జిల్లా గోండుల మీద క్రిస్టఫ్ వాన్ ఫ్యూరర్-హైమన్‌డార్ఫ్ చేసిన అధ్యయనం అది. ఈ పరిశోధన గ్రంథాలయానికి పరిమితం కాలేదు. భూమి పట్టాలుగా, పాఠశాలలుగా, చట్ట నిబంధనలుగా పరిణమించింది. కాబట్టి పరిశోధకుని విలువల ప్రశ్న ఇక్కడ కేవలం పద్ధతిశాస్త్ర చర్చ కాదు. ఎవరి పొలం ఎవరికి దక్కింది అన్న విషయంతో అది ముడిపడి ఉంది. ముందుగా మాక్స్ వేబర్ ప్రతిపాదించిన విలువల నిరపేక్షతా సూత్రాన్ని వివరించి, ఆ సూత్రాన్ని ఈ అధ్యయనానికి అన్వయించి చూడడం ఈ వ్యాస లక్ష్యం.

వేబర్ ప్రతిపాదన – దాని పుట్టుక

విలువల నిరపేక్షత అనగానే పరిశోధకునికి అభిప్రాయాలు ఉండకూడదని వేబర్ చెప్పినట్లుగా సాధారణంగా భావిస్తారు. వేబర్ చెప్పింది అది కాదు. 1904లో సామాజికశాస్త్ర పత్రిక ఒకదాని సంపాదకత్వాన్ని సహచరులతో కలిసి స్వీకరించిన సందర్భంలో రాసిన వ్యాసంలోనూ, 1917లో ప్రచురించిన మరొక వ్యాసంలోనూ ఆయన రెండు విషయాలను వేరు చేశాడు. మొదటిది విలువ సంబంధం. అనంతమైన సామాజిక వాస్తవంలో నుంచి ఏ అంశాన్ని ఎంచుకోవాలో నిర్ణయించేవి పరిశోధకుని విలువలే, అది అనివార్యం. రెండవది విలువ నిర్ణయం. ఎంచుకున్న అంశం మీద లభించిన ఆధారాలు ఏం చెబుతున్నాయో తేల్చేటప్పుడు ఇది మంచి, ఇది చెడు అన్న తీర్పును శాస్త్రం పేరిట ప్రకటించరాదు. ఉన్నదాని నుంచి ఉండవలసినదాన్ని తర్కం ద్వారా రాబట్టలేమన్నది ఈ విభజనకు ఆధారం.

ఈ సూత్రం ఒక చారిత్రక సందర్భంలో పుట్టింది. జర్మనీలో సామాజిక విధాన సంఘానికి చెందిన గుస్టావ్ ష్మోలర్ వంటి ఆచార్యులు ఆర్థికశాస్త్రం నైతిక లక్ష్యాలను కూడా నిర్దేశించగలదని విశ్వసించారు. 1909లో వియన్నాలో జరిగిన ఆ సంఘ సమావేశంలో ఈ అంశం మీద తీవ్ర వాదం చెలరేగింది. 1914లో ఇదే చర్చ కోసం సంఘం ప్రత్యేకంగా సమావేశమైంది. ఆచార్యపీఠం మీద నుంచి విద్యార్థులకు రాజకీయ బోధ చేయడాన్ని వేబర్ వ్యతిరేకించాడు. తరగతి గదిలో విద్యార్థి ఆచార్యునికి ఎదురు చెప్పలేడు. ఆ అసమానతను తన విశ్వాసాల ప్రచారానికి వాడుకోవడం అన్యాయమన్నది ఆయన వాదం. విలువల నిరపేక్షత కూడా ఒక విలువ మీదనే, అంటే వినేవాని స్వాతంత్ర్యం పట్ల గౌరవం మీదనే నిలిచి ఉన్నదని దీనివల్ల గ్రహించవచ్చు.

ఇంకొక విషయం ఇక్కడ గమనార్హం. వేబర్ తొలి ప్రధాన సామాజిక పరిశోధనలలో ఒకటి ఎల్బే నదికి తూర్పున ఉన్న వ్యవసాయ కూలీల గురించినది. 1892లో వెలువడిన ఆ అధ్యయనంలో జర్మన్ కూలీలు ఊళ్లు విడిచిపోతున్నారని, వారి స్థానంలో పోలిష్ వలస కూలీలు వస్తున్నారని ఆయన చూపించాడు. 1895లో ఫ్రైబుర్గ్ విశ్వవిద్యాలయంలో చేసిన ప్రారంభోపన్యాసంలో ఆర్థిక విధానశాస్త్రం జర్మన్ జాతి రాజ్య ప్రయోజనాలకు లోబడి ఉండాలని బహిరంగంగానే ప్రకటించాడు. తటస్థతా సూత్రకర్త తొలి అడుగు భూమి, వలస, జాతి అన్న మూడు అంశాల కూడలిలో, స్పష్టమైన పక్షపాతంతో పడింది. ఆ మూడు అంశాలే ఆదిలాబాద్ అడవుల్లో మళ్లీ ఎదురవుతాయి.

వేబర్ అనంతర కాలంలో ఈ సూత్రం మీద రెండు ముఖ్యమైన విమర్శలు వచ్చాయి. స్వీడన్ ఆర్థికవేత్త గున్నార్ మిర్డాల్ పరిశోధకుడు తన విలువలను దాచకుండా ముందుగానే ప్రకటించాలని సూచించాడు. అమెరికన్ సామాజికశాస్త్రవేత్త ఆల్విన్ గౌల్డ్‌నర్ 1962లో ప్రచురించిన వ్యాసంలో, విలువల నిరపేక్షత ఒక మిథ్యగా మారి, సమాజంలోని అన్యాయాల పట్ల విద్వాంసుల ఉదాసీనతకు ముసుగైందని విమర్శించాడు. ప్రకటిస్తే చాలునా, ఉదాసీనతను వీడితే చాలునా అన్న ప్రశ్నలకు సమాధానం ఉదాహరణలోనే వెతకాలి.

ఆదిలాబాద్ నేపథ్యం

ఆదిలాబాద్ అడవులు ఒకప్పుడు గోండు రాజుల ఏలుబడిలోనివి. ఇరవయ్యవ శతాబ్ది తొలి దశాబ్దాలలో అక్కడ రెండు మార్పులు ఏకకాలంలో సంభవించాయి. అటవీ శాఖ విస్తారమైన ప్రాంతాలను రక్షిత అడవులుగా ప్రకటించి హద్దులు గీసింది. గోండులు కొన్నేళ్లు సాగుచేసి, కొన్నేళ్లు బీడు పెట్టే పొలాలు ఆ హద్దుల లోపల చిక్కుకున్నాయి. మరోవైపు రవాణా సౌకర్యాలు పెరిగి, 1929లో కాజీపేట–బల్లార్షా రైలు మార్గం పూర్తయింది. మైదాన ప్రాంతాల రైతులు, వ్యాపారులు, వడ్డీదారులు జిల్లాలోకి ప్రవేశించారు. దున్నుతున్నవాడే భూమికి హక్కుదారు అన్న సంప్రదాయంలో ఉన్న గోండులకు పట్టా అన్న కాగితం ప్రాధాన్యం తెలియదు. కాగితం తెలిసినవారికి భూమి దక్కింది. ఈ నేపథ్యంలోనే జోడేఘాట్ కేంద్రంగా కొమురం భీం నాయకత్వంలో తిరుగుబాటు జరిగింది. 1940లో నిజాం పోలీసుల కాల్పుల్లో భీం, అతని అనుచరులు మరణించారు.

హైమన్‌డార్ఫ్ 1909లో వియన్నాలో జన్మించాడు. ఈశాన్య సరిహద్దుల్లోని కొన్యాక్ నాగాల మధ్య 1936–37లో పరిశోధన చేశాడు. రెండవ ప్రపంచ యుద్ధం ఆరంభమైనప్పుడు ఆయన భారతదేశంలోనే ఉన్నాడు. ఆస్ట్రియా అప్పటికే జర్మనీలో విలీనమైనందున ఆయన చేతిలో ఉన్నది జర్మన్ పాస్‌పోర్టు. ఆ కారణంగా శత్రుదేశీయునిగా పరిగణింపబడి, హైదరాబాదు సంస్థాన పరిధి దాటకూడదన్న నిర్బంధానికి లోనయ్యాడు. ఆ నిర్బంధ కాలంలోనే భార్య బెట్టీతో కలిసి నల్లమల చెంచులను, గోదావరి కొండరెడ్లను, ఆదిలాబాద్ గోండులను అధ్యయనం చేశాడు. చెంచుల మీద 1943లో, కొండరెడ్ల మీద 1945లో, రాజగోండుల మీద 1948లో ఆయన గ్రంథాలు వెలువడ్డాయి. గిరిజనుల స్థితిగతుల మీద ప్రభుత్వానికి సమర్పించిన నాలుగు నివేదికలు 1945లో ఒక సంపుటంగా వచ్చాయి. తర్వాత ఆయన నిజాం ప్రభుత్వానికి గిరిజన వ్యవహారాల సలహాదారుగా, ఉస్మానియా విశ్వవిద్యాలయంలో ఆచార్యునిగా పనిచేశాడు.

విషయ ఎంపిక, పరిశోధకుని స్థానం

ఈ వివరాలను వేబర్ విభజనతో పోల్చితే మొదటి అంశం స్పష్టమవుతుంది. పరిశోధన క్షేత్రాన్ని నిర్ణయించినది విద్యాపరమైన కుతూహలం ఒక్కటే కాదు. యుద్ధం, పౌరసత్వం, సంస్థానపు హద్దులు ఆ నిర్ణయంలో పాలుపంచుకున్నాయి. పరిశోధనకు అనుమతి, సదుపాయం కల్పించినది ప్రభుత్వం. బస్తర్ మారియా గోండుల మీద గ్రంథం రాసిన బ్రిటిష్ అధికారి డబ్ల్యు.వి. గ్రిగ్సన్ 1942 నుంచి సంస్థాన మంత్రివర్గంలో రెవెన్యూ శాఖను నిర్వహించడం హైమన్‌డార్ఫ్ సూచనలకు బలాన్నిచ్చింది.

ప్రభుత్వ పోషణలో జరిగిన పరిశోధన ప్రభుత్వానికి అనుకూలంగానే ఉంటుందని ఊహించడం సులభం. వాస్తవం అంత సరళంగా లేదు. హైమన్‌డార్ఫ్ నివేదికలు అటవీ, రెవెన్యూ యంత్రాంగాల లోపాలను నిర్మొహమాటంగా ఎత్తిచూపాయి. జోడేఘాట్ ఘర్షణకు మూలం గోండుల దుడుకుతనం కాదని, పాలనలోని వైఫల్యమని ఆయన గుర్తించాడు. అదే సమయంలో ఆయన విమర్శకు ఒక పరిధి ఉంది. లోపం ప్రభుత్వానిది కనుక దాన్ని సరిదిద్దవలసినదీ ప్రభుత్వమే అన్న చట్రంలోనే అది సాగింది. గోండులు రక్షణ పొందవలసినవారుగా కనిపిస్తారు; తమ పాలనను తామే నిర్వచించుకోగలవారుగా అంతగా కనిపించరు. భీం ఉద్యమం పరిపాలనా రుగ్మతకు లక్షణంగా నమోదైంది గాని, ఒక రాజకీయ ఆలోచనగా నమోదు కాలేదు. తర్వాతి కాలంలో సాహు, అల్లం రాజయ్యలు రచించిన ‘కొమురం భీం’ నవల, జోడేఘాట్ చుట్టూ అల్లుకున్న ప్రజాస్మృతి అదే ఘటనను స్వయంపాలన పోరాటంగా నిలబెట్టాయి. కాల్పులు జరిగిన వాస్తవంలో భేదం లేదు. ఆ వాస్తవం ఏ ప్రశ్నకు సమాధానమన్న దానిలోనే భేదం ఉంది.

పేర్లలో దాగిన విలువలు

పరిశోధకుడు తన విలువలను ముందుగా ప్రకటిస్తే సరిపోతుందన్న మిర్డాల్ సూచనకు ఉన్న పరిమితి ఇక్కడ బయటపడుతుంది. తనకు తెలిసిన విలువలనే ఎవరైనా ప్రకటించగలరు. వర్గీకరణకు వాడే పదాలలో స్థిరపడిన విలువలు పరిశోధకుని దృష్టికి రావు. హైమన్‌డార్ఫ్ హైదరాబాదు గ్రంథమాలలో వాడిన ప్రధాన పదం ‘ఆదిమ తెగలు’. ఆ పదం వాడగానే వారు మిగిలిన సమాజానికి వేరైనవారు, ప్రాచీనులు, బయటి స్పర్శతో చెదిరిపోయేవారు అన్న మూడు భావనలు ఒకేసారి ప్రవేశిస్తాయి.

సరిగ్గా ఆ కాలంలోనే, 1943లో, బొంబాయి విశ్వవిద్యాలయ ఆచార్యుడు జి.ఎస్. ఘుర్యే ‘ఆదిమవాసులు’ అన్న పేరునే ప్రశ్నిస్తూ గ్రంథం ప్రచురించి, వీరిని వెనుకబడిన హిందువులుగా పరిగణించాలని వాదించాడు. వెరియర్ ఎల్విన్ అందుకు భిన్నంగా గిరిజనుల ప్రత్యేకతను కాపాడాలని కోరాడు. ఒకే రకమైన ఆచారాలు, దేవతలు, వివాహ నియమాలు ఇరుపక్షాలకూ తెలుసు. ఘుర్యే దృష్టి జాతీయ సమైక్యత మీద, ఎల్విన్ దృష్టి గిరిజన జీవన విశిష్టత మీద ఉండడం వల్ల అవే వివరాలు రెండు వేరు పేర్లను, రెండు వేరు విధానాలను సమర్థించాయి. పేరు పెట్టడంలో పూర్తిగా తటస్థమైన మార్గం ఏదీ వారి ముందు లేదు.

విద్యారంగంలోనూ ఇదే కనిపిస్తుంది. 1943లో మార్లవాయి గ్రామంలో గోండు ఉపాధ్యాయుల శిక్షణ కేంద్రం ఆరంభమైంది. సంస్థాన పాలనా భాష ఉర్దూ అయిన కాలంలో గోండీని బోధన భాషగా స్వీకరించడం సాహసోపేతమైన నిర్ణయం. వాచకాలను దేవనాగరి లిపిలో ముద్రించారు. పిల్లవాడు మాతృభాషలో చదవాలన్నది ఒక విలువ. ఏ లిపిలో చదవాలన్నది మరొక నిర్ణయం. ఏ లిపిని ఎంచుకున్నా అది పిల్లవానిని ఒక పొరుగు భాషకు దగ్గరగా, మరొకదానికి దూరంగా ఉంచుతుంది. ద్రావిడ భాషా కుటుంబంలో తెలుగుకు సన్నిహితమైన భాషను అధ్యయనం చేసే తెలుగు పరిశోధకులు ఈ అంశాన్ని ప్రత్యేకంగా గమనించాలి.

పట్టా: వాస్తవపు కఠినత్వం

విలువలు ఇంతగా వ్యాపించి ఉన్నప్పుడు పరిశోధనకూ ప్రచారానికీ తేడా ఏమిటన్న సందేహం సహజం. ఈ సందేహానికి సమాధానం కూడా ఆదిలాబాద్‌లోనే దొరుకుతుంది.

హైమన్‌డార్ఫ్ గోండుల పక్షం వహించాడన్నది నిస్సందేహం. అయితే ఆయన వాదం సానుభూతి మీద నిలబడలేదు. ఫలానా గ్రామంలో ఫలానా పొలాన్ని ఎవరు ఎంతకాలంగా దున్నుతున్నారు, అది ఎవరి పేర పట్టా అయింది, అటవీ హద్దు ఎప్పుడు గీశారు అన్న వివరాల మీద నిలబడింది. ఇవి గోండుల పట్ల ఏ అభిమానమూ లేని రెవెన్యూ అధికారి కూడా దస్త్రాలు తిరగేసి, గ్రామం చూసి ధ్రువపరచగలిగినవి లేదా ఖండించగలిగినవి. పరిశోధకుని హృదయం ఎటు మొగ్గిందన్న దానితో నిమిత్తం లేకుండా వాటి సత్యాసత్యాలు తేలుతాయి. ఆ కారణంగానే వాటిని కొట్టిపారేయడం ప్రభుత్వానికి సాధ్యం కాలేదు. సేతుమాధవరావు పగడి వంటి అధికారుల కృషితో వేలాది గోండు, కొలాం కుటుంబాలకు పట్టాలు లభించాయి. 1946లో సంస్థానం గిరిజన ప్రాంతాల నిబంధనలను తెచ్చింది. ఆంధ్ర ప్రాంతపు షెడ్యూల్డ్ ప్రాంతాల కోసం వచ్చిన 1959 నాటి భూబదలాయింపు నిబంధనను 1963లో తెలంగాణకు వర్తింపజేశారు. దానికి 1970లో చేసిన సవరణ, ఆ ప్రాంతాల్లో గిరిజనేతరుల అధీనంలో ఉన్న భూమి, అందుకు విరుద్ధంగా రుజువయ్యే వరకు, గిరిజనుల నుంచి సంక్రమించినదిగానే భావించాలని నిర్దేశించింది.

ఈ చివరి అంశం విలువకూ వాస్తవానికీ ఉన్న సంబంధాన్ని చక్కగా తెలుపుతుంది. రుజువు భారాన్ని ఎవరి మీద మోపాలన్నది విలువ నిర్ణయం. దాన్ని శాసనకర్తలు చేశారు. ఒక నిర్దిష్ట సర్వే నంబరు చరిత్ర ఏమిటన్నది వాస్తవ ప్రశ్న. దాన్ని ఏ శాసనమూ సృష్టించలేదు. పరిశోధకుడు గోండుల మేలు కోరి ఒక పొలం చరిత్రను తప్పుగా రాసి ఉంటే, మొదటి విచారణలోనే ఆ పొలంతో పాటు ఇతర పొలాల మీద వాదం కూడా బలహీనపడేది. బలహీనుల పక్షం వహించే పరిశోధనకు వాస్తవ నిష్ఠ మరింత అవసరం. బలవంతుని చేతిలో కాగితం ఉంటుంది. బలహీనుని చేతిలో ఉండేది పరిశోధకుని సాక్ష్యమే. గౌల్డ్‌నర్ విమర్శించిన ఉదాసీనతకు విరుగుడు ఆధారాల విషయంలో ఉదారత చూపడం కాదని దీనివల్ల తేలుతుంది.

సానుభూతి గీసిన హద్దులు

1970ల చివరలో హైమన్‌డార్ఫ్ ఆదిలాబాద్‌ను మళ్లీ పరిశీలించాడు. ఆ ఫలితాలు 1982లో ‘ట్రైబ్స్ ఆఫ్ ఇండియా’ అన్న గ్రంథంగా వెలువడ్డాయి. తాను సలహాదారుగా ఉన్న కాలంలో గోండులకు దక్కిన భూమిలో ఎంతో భాగం తిరిగి అన్యాక్రాంతమైందని ఆయన అందులో నమోదు చేశాడు. తన జీవితకృషి నిలవలేదని తానే ఆధారాలతో చూపడం శాస్త్రీయ నిజాయితీకి నిదర్శనంగా భావించవచ్చు. అయితే రక్షణ సడలితే గోండులు నష్టపోతారన్న ఆయన పూర్వ విశ్వాసానికి అది అనుకూలమైన ఫలితం కూడా. కాబట్టి ఆ ఒక్క అంశంతో తటస్థతను నిర్ణయించలేము.

అంతకంటె కీలకమైన పరీక్ష లంబాడాల విషయంలో ఎదురవుతుంది. ఆ గ్రంథంలో లంబాడాలు ప్రధానంగా బయటి నుంచి వచ్చి గోండుల భూములను ఆక్రమించుకుంటున్న వలసదారులుగా కనిపిస్తారు. మహారాష్ట్రలో వారికి షెడ్యూల్డ్ తెగల హోదా లేదు. 1976 నాటి సవరణ చట్టం ద్వారా తెలంగాణలో ఆ హోదా లభించింది. దానితో గిరిజనేతరులకు వర్తించే భూ నిషేధాలు వారికి వర్తించకుండా పోయాయి. వలస, భూమి చేతులు మారడం నిజమే, వాటిని లెక్కించవచ్చు. కానీ ఆ లంబాడా కుటుంబాలు తమ పూర్వ స్థలాలను ఎందుకు వదిలాయి, రవాణా వృత్తి దెబ్బతిన్న తర్వాత వారికి మిగిలిన దారులేమిటి, వలస పాలనలో నేరస్థ తెగల చట్టపు నీడ బంజారా సమూహాల జీవితాల మీద ఎలా పడింది అన్న ప్రశ్నలు గోండు గ్రామంలో కూర్చుని చూసే దృష్టికి సహజంగా తట్టవు. గోండుల జీవితాన్ని పురాగాథల నుంచి పెళ్లి పాటల దాకా లోపలి నుంచి చూసిన పరిశోధకుడు లంబాడాలను గోండుల గడప మీద నుంచి మాత్రమే చూశాడు.

ఇక్కడ జరిగింది వాస్తవాల వక్రీకరణ కాదు. అడగని ప్రశ్నల వల్ల ఏర్పడిన ఖాళీ. వేబర్ చెప్పిన విలువ సంబంధం విషయ ఎంపిక దగ్గర ఆగిపోక, ఎవరి చరిత్రకు కారణాలు వెతకాలి, ఎవరిని కేవలం కారణంగా చూపాలి అన్న నిర్ణయం దాకా ప్రవహించింది. ఎల్బే తూర్పు ప్రాంతపు పోలిష్ కూలీలు వేబర్ తొలి రచనలో కనిపించిన తీరుకు ఇది దగ్గరగా ఉంది. ఇద్దరు పరిశోధకుల ఉద్దేశాలు వేరు. ఒకరు రాజ్యం పక్షాన, మరొకరు బలహీనుల పక్షాన నిలిచారు. అయినా స్థానికుని గడప మీద నుంచి చూసినప్పుడు వలసదారు ఇద్దరికీ ఒకే ఆకారంలో కనిపించాడు. ఇటీవలి సంవత్సరాలలో ఆదిలాబాద్‌లో ఈ రెండు సమూహాల మధ్య తలెత్తిన ఉద్రిక్తతలను గమనిస్తే, ఆ ఖాళీని పూరించవలసిన బాధ్యత నేటి పరిశోధకుల మీద ఎంత ఉందో తెలుస్తుంది.

ముగింపు

పై పరిశీలన నుంచి కొన్ని నిర్ధారణలకు రావచ్చు. విలువలు లేని సామాజిక పరిశోధన లేదు. క్షేత్రం, పేర్లు, ప్రశ్నలు అన్నిటిలోనూ అవి ఉంటాయి. అంతమాత్రాన ఆధారాల విషయంలో సత్యాసత్య వివేచన వ్యర్థం కాదు. ఒక ప్రతిపాదనను పరిశోధకుని విలువలను అంగీకరించనివాడు సైతం పరీక్షించగలగాలి. ఆదిలాబాద్ పట్టాల విషయంలో ఆ గుణమే పరిశోధనను నిలబెట్టింది. విలువలను పీఠికలో ప్రకటించడం అవసరమే గాని చాలదు. ఎవరిని లోపలి నుంచి చూశాం, ఎవరిని వెలుపలి నుంచి మాత్రమే చూశాం అన్న లెక్కను కూడా గ్రంథంలోనే చూపాలి. అధ్యయనానికి లోనైనవారు, అందులో చోటు దక్కనివారు తిరిగి మాట్లాడగల స్థితి ఏర్పడినప్పుడే ఆ లెక్క సరిచూడబడుతుంది.

తెలుగు శాఖలలో జరిగే జానపద, గిరిజన సాహిత్య పరిశోధనకు ఈ నిర్ధారణలు నేరుగా వర్తిస్తాయి. ప్రధాన్‌లు పాడే గోండు గాథను సేకరించి తెలుగు లిపిలోకి, తెలుగు ప్రక్రియల పేర్లలోకి మార్చే ప్రతి సందర్భంలోనూ ఒక విలువ నిర్ణయం జరుగుతుంది. పాడినవాని మాట ఏది, సేకర్త వ్యాఖ్యానం ఏది అన్నది విడిగా కనిపించేలా భద్రపరచడం అందుకే కనీస ధర్మం. నేడు గోండు, కొలాం, లంబాడా సమాజాల నుంచి వచ్చిన విద్యార్థులు పరిశోధకులుగా విశ్వవిద్యాలయాలలో ఉన్నారు. తమ తాతల గురించి రాసిన గ్రంథాలను వారు ఇప్పుడు చదువుతున్నారు, ప్రశ్నిస్తున్నారు. వారికీ వారి విలువలు ఉంటాయి. వాటినీ ఇదే గీటురాయి మీద పరీక్షించాలి. భిన్న స్థానాల నుంచి వచ్చినవారు ఒకే ఆధారాన్ని తిరగేసి చూసే అవకాశం ఎంత విస్తరిస్తే, సామాజిక పరిశోధన వాస్తవానికి అంత చేరువవుతుంది.